ఎల్లారెడ్డి ప్రతినిధి శ్రీమతి ఈశ్వరీబాయి
(కామారెడ్డి వార్షిక మహాసభయందు చదివిన యుపన్యాసము)



మన మహాసభ కామారెడ్డిలో జరుగుచుండ, ఇచటికి పడమట నున్న ఎల్లారెడ్డి పక్షమున రెండు పర్యాయములు శాసనసభలో గొంతెత్తిన శ్రీమతి జెట్టి ఈశ్వరీబాయిగారిని స్మరించుట యుచితమని కార్యవర్గమువారు మమ్మాజ్ఞాపించిరి. ఆమె మన సీమలో పుట్టినవారు కారు. 1918 డిసెంబరు 1వ తేదీన సికింద్రాబాదు చిలకలగూడలో జన్మించిరి. బాల్యముననే పుణ్యపురపు దంతవైద్యునకిచ్చి వివాహము చేసిరి. పిమ్మట నొక్క కూఁతును వెంటబెట్టుకొని పుట్టినూరికి మరలి వచ్చి ఉపాధ్యాయినిగాఁ గుదురుకొనిరి. బడిపంతులు జీతముతో సంసారమీఁదుట యెట్టిదో మేమెఱుఁగుదుము గాన, ఈ ఘట్టమును వర్ణించి చెప్పఁబనిలేదు. ఆ బిడ్డ పేరనే వెలసినది గీతా విద్యాలయము. ఆ బిడ్డయే వైద్యురాలై, తరువాత మంత్రిణియు నైన గీతారెడ్డిగారు.

ఈశ్వరీబాయిగారి రాజకీయ జీవనము శాసనసభలోఁ గాక పురపాలకసంఘములో నారంభమైనది. 1951వ సంవత్సరమున చిలకలగూడనుండి కౌన్సిలరుగా నెన్నికైరి. ఈ యంశముకడ మేము కొంచెము నిలువఁదలఁచితిమి. నల్లానీరు ఏ గల్లీవఱకు వచ్చి యాగిపోవుచున్నది, మురుగుకాలువ ఎవరి గుడిసె ముందు పొంగుచున్నది, వీధిదీపము ఎవరి గుమ్మముకడ వెలుఁగదు? ఈ ప్రశ్నలు కౌన్సిలరును దినదినమును వెంటాడును. వీని కుత్తరువు చెప్పనేర్చినవాఁడు శాసనసభలో బడ్జెటు చదువునప్పుడు అంకెలవెనుక మనుష్యులను చూడఁగలఁడు. తిన్నగా పై మెట్టున కెగురువారికి ఈ విద్య యలవడదని మా యభిప్రాయము.

1967వ సంవత్సరమున నామె రిపబ్లికన్ పార్టీ పక్షమున, షెడ్యూల్డు కులములకుఁ బ్రత్యేకింపఁబడిన ఎల్లారెడ్డి స్థానమునకు నిలిచిరి. అంబేద్కరు మహాశయుని యాశయముతో 1957లో వెలసిన యా పార్టీకి మన పల్లెలలో ధనబలము లేదు. ఎదుట నిలిచినవారు సామాన్యులా? ఉపసభాపతిగను మంత్రిణిగను పనిచేసిన టి. ఎన్. సదాలక్ష్మిగారు! ఈశ్వరీబాయిగారే గెలిచిరి. మనవారిలోఁ గొందఱు నేఁటికిని ఈ గెలుపు నొక శాఖ మఱొక శాఖపై సాధించిన విజయమువలెఁ జెప్పుకొందురు. అది మాకు సమ్మతము కాదు. ఏలయనఁగా, రెండేండ్లు గడవకముందే 1969 తెలంగాణోద్యమమున వీరిద్దఱును ఒక్క పక్షముననే నిలిచిరి. 1956 నాఁటి పెద్దమనుష్యుల యొప్పందము కాగితముమీఁదనే యుండిపోయినదని యిద్దఱును జనులయెదుట నెలుఁగెత్తి చాటిరి. ఈశ్వరీబాయిగారు చెఱసాలకును వెళ్లిరి.

1968లో కృష్ణామండలమందలి కంచికచర్లలో కోటేశను హరిజన యువకుని సజీవముగాఁ దగులఁబెట్టిరి. అది ఎల్లారెడ్డికి నెంతయో దూరము, ఆమెకోట్లు వేసినవారి యూరు కాదు. అయినను శాసనసభలో ప్రభుత్వమును నిలదీసినవారిలో నామె యగ్రగణ్యులు. ప్రతినిధి యనఁగా నెవరికిఁ బ్రతినిధియో యీ యొక్క సంగతివలన మనకు బోధపడును.

1972లో ఎల్లారెడ్డి ప్రజలు మరల నామెనే యెన్నుకొనిరి. 1978 నాఁటికి ఎల్లారెడ్డి సామాన్యస్థానమయ్యెను, ప్రత్యేకస్థానము జుక్కలునకుఁ బోయెను. ఆమె మఱి శాసనసభకు రాలేదు. 1991 ఫిబ్రవరిలోఁ గాలధర్మము నొందిరి. తాము కోరిన రాష్ట్రము 2014 జూన్ 2న నేర్పడుటను గాని, ఎల్లారెడ్డి 2016 అక్టోబరు 11న నిజామాబాదునుండి విడివడి కామారెడ్డి జిల్లాలోఁ జేరుటను గాని చూడలేదు.

మేము సంస్కృతము చదివినవారము గాన నొక్కమాట. సభ, సమితి, పరిషత్తు, ఈ మూఁడును సంస్కృతమున స్త్రీలింగములు. అథర్వవేదము సభాసమితులను ప్రజాపతి కుమార్తెలని చెప్పినది. కుమార్తెల పేరు పెట్టుకొన్న యింటిలోనికిఁ గుమార్తెలు వచ్చుటకు మాత్రము రాజ్యాంగ సవరణము కావలసి వచ్చినది! 1993నుండి పంచాయతీలలో మూఁడవవంతు స్థానములు స్త్రీలకు దక్కినవి, తెలంగాణమున నది సగమైనది. మన యాఁడుబిడ్డలు సర్పంచులైరి. కాని సర్పంచి కుర్చీలో భర్త కూర్చుండి, సంతకమునకు మాత్రమే భార్యను వంటయింటినుండి పిలుచు పంచాయతీలను మేము కన్నులారఁ జూచితిమి. ఆ భర్తలలోఁ గొందఱు నేఁడీ సభలో ముందువరుసయందే యున్నారు. వారు మాపైఁ గోపింపకుందురుగాక.

కార్యవర్గమువారికి మా విన్నపమిది. రేపటి యుదయపు సమావేశమున వార్డు సభ్యురాండ్రను, సర్పంచి సోదరీమణులను వేదికపైకిఁ బిలువుఁడు. ఒక్కొక్కరును తమ పంచాయతీ జమాఖర్చులను తామే చదువవలెను. చదువునప్పుడు తడఁబడినచో దిద్దుటకు మేము పక్కనే కూర్చుండెదము. భర్తలు క్రింద వినుచుందురుగాక.