సిప్రో మాత్ర - అడగాల్సిన ప్రశ్నలు

(ఆరోగ్య కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆడవాళ్ళ ఆరోగ్యం అనగానే మనం కాన్పుల గురించి, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల గురించి, గర్భసంచి తీసివేతల గురించి మాట్లాడతాం. మూత్రంలో మంట గురించి మాట్లాడం. చెప్పుకోవడానికి సిగ్గు. నేను వెళ్ళే ఊళ్ళలో 'వేడి చేసింది' అని సబ్జా గింజలు నానబెట్టుకుంటారు, బార్లీ కాచుకుంటారు. తగ్గకపోతే పిల్లాణ్ణి మందుల షాపుకి పంపుతారు. వాడు నాలుగు సిప్రో మాత్రలు తెస్తాడు. కత్తిరించిన ముక్క మీద పేరుండదు, గడువు తేదీ ఉండదు.

ఈ మంటకి ఒక కారణం మన పని చోట్లలోనే ఉంది. మరుగుదొడ్డి లేదని నీళ్ళు తాగరు, వచ్చినా బిగబట్టుకుంటారు. ఫ్యాక్టరీల్లో ఆడవాళ్ళకి వేరే మరుగుదొడ్లు ఉండాలని 1948 చట్టమే చెప్పింది. యజమాని కట్టించని దొడ్డికి బదులు మనవాళ్ళు మాత్రలు మింగుతున్నారు.

సిప్రోఫ్లాక్సాసిన్ చెడ్డ మందని నేననడం లేదు. కిడ్నీ దాకా ఎక్కిన ఇన్ఫెక్షన్లో అది ప్రాణం నిలబెట్టవచ్చు. కానీ జలుబుకీ వైరల్ జ్వరానికీ అది పనిచెయ్యదు. మామూలు మూత్రపు ఇన్ఫెక్షన్‌కి వేరే మందు దొరికితే దీన్ని వాడొద్దని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2016లో హెచ్చరించింది. కండరాన్ని ఎముకకి కట్టి ఉంచే పట్టీలు, ముఖ్యంగా మడమ వెనకది, వాచి తెగిపోవచ్చు. అరవై దాటినవాళ్ళకీ, స్టెరాయిడ్లు వాడేవాళ్ళకీ ఈ ప్రమాదం ఎక్కువ. మన ఊళ్ళలో యాంటీబయాటిక్‌తో పాటు స్టెరాయిడ్ కూడా ఇచ్చేయడం ఎంత మామూలో మీకు నేను చెప్పనక్కర్లేదు. మడమ నొప్పి, కాళ్ళలో తిమ్మిరి, మంటలు మొదలైతే మాత్ర ఆపి వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.

ఇంకో సంగతి ఎవరూ చెప్పరు. మందు వేడి చేస్తుందని గ్లాసుడు పాలతో మింగమంటారు. పాలలో, పెరుగులో ఉన్న కాల్షియం సిప్రోని కడుపులోనే పట్టేసుకుంటుంది. ప్రభుత్వం మనకి పంచే ఐరన్ మాత్రలూ అంతే, కాల్షియం మాత్రలూ అంతే, మెగ్నీషియం, అల్యూమినియం ఉన్న గ్యాస్ మందులూ అంతే. మందు రక్తంలోకి సగం కూడా చేరకపోవచ్చు. మంట తగ్గదు. 'ఈ మందు పడలేదు' అని ఇంకా పెద్ద మందు రాస్తారు. సిప్రో వేసుకున్నాక రెండు గంటలు ఆగి ఐరన్ వేసుకోవాలి. ముందే ఐరన్ వేసుకుంటే ఆరు గంటలు ఆగి సిప్రో వేసుకోవాలి. మంచినీళ్ళతోనే మింగాలి, ఆ రోజుల్లో నీళ్ళు ఎక్కువ తాగాలి. ఎండకి చర్మం కమిలిపోతుంది, పొలం పనికి వెళ్ళేవాళ్ళకి ఇది చెప్పండి.

గర్భిణి అయినా, బిడ్డకి పాలిస్తున్నా ముందే చెప్పాలి. షుగరు మాత్రలు వాడేవాళ్ళకి షుగరు ఉన్నట్టుండి పడిపోవచ్చు. నడుం నొప్పికి టైజానిడిన్ వాడుతుంటే సిప్రో అసలు కూడదు.

ఈ మందు అట్టమీద ఎర్రగీత ఉంటుంది. రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్ చీటీ లేకుండా అమ్మకూడదని దాని అర్థం. మన ఊరి ఆర్.ఎం.పి. ఆ ఆర్.ఎం.పి. కాదు! ఏ మందు, ఎందుకు, ఎన్ని రోజులు, మూత్ర పరీక్ష చేయించాలా అని అడగండి. బిల్లు అడగండి. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే తీర్పు చెప్పింది. అయితే బిల్లూ చీటీ లేకపోతే నిరూపించడం కష్టం.

ఆడవాళ్ళు చీటీ లేకుండా మందులు మింగడం వల్లే సూక్ష్మజీవులు మొండికేశాయని అనేవాళ్ళకి పటాన్‌చెరు చూపించండి. మందుల ఫ్యాక్టరీల మురుగును శుద్ధి చేశాక బయటికొచ్చిన నీళ్ళలో లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా సిప్రో ఉందని 2007లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. మాత్ర మింగినవాళ్ళ రక్తంలో కూడా అంత ఉండదు.

చివరగా ఒకటి. మూత్రంలో మంటతో పాటు చలిజ్వరం, వీపు పక్కన నొప్పి, వాంతులు ఉంటే షాపు మాత్రలతో ఆగొద్దు. మొగుడు పొలం నుంచి వచ్చేదాకా కూడా ఆగొద్దు. ఆ పూటే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి.