చింతపండు ఒలిచే చేతికి ఎంత శాతం?



ప్రత్యేక విద్యలో పట్టా తీసుకుంటున్న మీకు ఒక మనిషి గురించి చెప్పాలి. ఛత్తీస్‌గఢ్‌లోని కోంట దగ్గర ఒక దోర్లా గిరిజన పల్లెలో చూపు లేని అవ్వ ఉండేది. ఎండలు ముదిరితే ఇంటిముందు చింతకాయలు కుప్ప పడేవి. పెంకు కొట్టడం పిల్లల వంతు. ఈనె తీసి, గింజ ఏరి, ముద్ద కట్టడం అవ్వ వంతు. ఒక్క గింజ మిగిలినా ఆమె వేలికి దొరికిపోయేది. ఆ ఇంటి గంపను సంతలో షావుకారు తిరగేసి చూసేవాడు కాదు. వైకల్య ధ్రువపత్రం కోసం అవ్వను తీసుకెళ్తే కాగితం హిందీలో ఉంది, ఆమెకు వచ్చిన భాష దోర్లి. వైకల్యం ఎంత శాతమో రాసుకున్నారు. చేసే పని దగ్గర 'ఏమీ లేదు' అని రాసేశారు.

ఆ రాత ఈనాటిది కాదు. 1881 జనగణనలో తెల్లదొరలు పిచ్చివాళ్ళు, చెవిటిమూగలు, గుడ్డివాళ్ళు, కుష్ఠురోగులు అని గళ్ళు గీసి జనాన్ని లెక్కపెట్టారు. 1898లో కుష్ఠురోగుల చట్టం తెచ్చారు. అది రద్దు కావడానికి 2016 దాకా పట్టింది.

అడవికీ అలాగే గీతలు పడ్డాయి. బస్తర్ అడవిలో మూడింట రెండు వంతులు రిజర్వు చేస్తామని 1905లో ప్రతిపాదించారు. పోడుకు, వేటకు, ఏరుకుని తినడానికి అడ్డం. పైగా వెట్టి. 1910 ఫిబ్రవరిలో మామిడి కొమ్మలు, మట్టిగడ్డలు, మిరపకాయలు, బాణాలు తిరుగుబాటు పిలుపుగా ఊరూరా తిరిగాయి. నేతానార్ గుండాధూర్ పేరు చెప్పుకునే భూమ్‌కాల్ అదే. దాన్ని భూమి కోసం పోరాటమనే చదువుకున్నాం. నాకు ఇంకొకటి కూడా కనిపిస్తుంది. ఏరుకునే అడవి ఉన్నంతకాలం కాలు లేనివాడికీ, చూపు లేనిదానికీ కూర్చున్నచోట పని ఉంది. వెట్టికి కావలసింది కండ ఒక్కటే. కండ లేనివాళ్ళు అక్కడే పనికిరానివాళ్ళయ్యారు.

పాతకాలమంతా బంగారమని నేననను. జబ్బుకు చేతబడి కారణమని ఆడవాళ్ళను టోన్హీలు, అంటే మంత్రగత్తెలు, అంటూ కొట్టిన ఊళ్ళున్నాయి. అందుకే ఛత్తీస్‌గఢ్‌లో 2005లో చట్టం చేయాల్సివచ్చింది. 2016 వికలాంగుల హక్కుల చట్టమూ మనకు కావాలి. గిరిజన బిడ్డల్ని పీడించే సికిల్ సెల్ జబ్బు అందులోని 21 వైకల్యాల్లో ఒకటి. ఆ ధ్రువపత్రం వాళ్ళకు చేరాల్సిందే, చేర్చాల్సింది మీరే.

కానీ మీరు వెళ్ళిన ఇంట్లో సంచీలోంచి కాగితం వెంటనే తీయకండి. అక్కడి అవ్వ పక్కన చాపమీద కూర్చుని నాలుగు కాయలు ఒలవండి. మీరు వదిలేసిన గింజ ఆమె వేలికి తగలనివ్వండి. చేసే పని ఏమిటో ఆ తర్వాత రాయండి.