రెండు చేతులూ పట్టుకోండి

కొత్త డాక్టర్లారా, ఆ పట్టాల గౌన్లలో మీకెంత ఉక్కగా ఉందో నాకు తెలుసు, కనుక లాంఛనాలు వదిలేస్తున్నాను.

నేను పీజీ చేస్తున్న రోజుల్లో పాతికేళ్లు నిండని ఒకమ్మాయి మా వార్డుకొచ్చింది. మెట్లెక్కితే గుండెల్లో బరువు, నీళ్ల బిందె ఎత్తితే ఆయాసం. ఊళ్లో గ్యాస్ అన్నారు, పట్నంలో టెన్షన్ అన్నారు. పెళ్లయితే సర్దుకుంటుందన్న మహానుభావుడూ ఉన్నాడు. షుగర్ లేదు, కొలెస్ట్రాల్ లేదు, పడుకోబెట్టి తీసిన ఈసీజీ బాగానే ఉంది. మా ప్రొఫెసర్ గారు రిపోర్టులు పక్కనపెట్టి ఆమె రెండు మణికట్లూ ఒకేసారి పట్టుకున్నారు. ఎడమవైపు నాడి అందలేదు.

యాంజియోగ్రామ్‌లో ఎడమ కరోనరీ ధమని బృహద్ధమని నుంచి పుట్టే చోటే సన్నబడింది. అక్కణ్నుంచి కొసదాకా నున్నగా ఉంది. కొవ్వు పేరుకోవడం కాదది. బృహద్ధమని గోడే వాచి, మందమై, ఆ నోటిని మూసేస్తోంది. చెరువుగట్టు ఉబ్బి తూము పూడితే కాలవ ఎంత శుభ్రంగా ఉండి ఏం లాభం? దీని పేరు టకయాసు వ్యాధి. 1908లో కళ్లవాళ్ల సభలో దాన్ని వర్ణించిన మికిటో టకయాసు కంటి డాక్టరు. ఓ యువతి రెటీనాలో రక్తనాళాల వింత అల్లిక చూశాడు. అలాంటి రోగులకు మణికట్టులో నాడి దొరకదని అదే సభలో మరో ఇద్దరు చెప్పారు. కళ్లవాళ్ల సభలో తేలిన సంగతి గుండెవాళ్లం మరిచిపోతే ఎలాగండీ!

ఆమెకు తొందరపడి స్టెంటు వేయలేదు. వాపు తగ్గకముందు ముట్టుకుంటే మళ్లీ పూడే ప్రమాదం ఎక్కువ. ముందు స్టెరాయిడ్లు, ఆ తర్వాత బైపాస్. అదీ ఛాతీలోని ధమనితో కాదు. ఎడమ చేతికెళ్లే ధమనే మూసుకుపోయాక దాని కొమ్మ గుండెకేం రక్తమిస్తుంది? కాలి సిర తీసి వేశారు. చూశారా, ఆ అందని నాడి ఆపరేషన్‌నే మార్చేసింది.

ఇప్పుడు నా గోల వినండి. ట్రోపోనిన్ రాస్తారు, సీటీ రాస్తారు, చెయ్యి మాత్రం పట్టుకోరు! బీపీ ఒక్క చేతికే, అదీ నర్సమ్మ రాసిన అంకె. రెండు చేతుల మధ్య 10 మిల్లీమీటర్లకు మించిన తేడా ఈ వ్యాధికి ఒక గుర్తని 1990 నాటి అమెరికన్ ప్రమాణాల్లోనే ఉంది. పరీక్షలో రాశారు కూడా, పేపర్లు దిద్దినవాణ్ని నేనే. ఈఎస్‌ఆర్ మామూలుగా ఉందని ఊరుకోకండి నాయనా, లోపల వాపు ఉన్నా అది పెరగకపోవచ్చు. ఈ వ్యాధి ఎక్కువగా నలభై లోపు ఆడవాళ్లకే వస్తుంది. ‘ఈ వయసులో గుండెనొప్పేమిటమ్మా’ అని మీరు నవ్వి పంపేసేదీ వాళ్లనే.

సరే, పట్టాలివ్వడానికి ఇంకా టైముంది. పక్కవాళ్ల రెండు చేతులూ పట్టుకుని నాడి చూడండి. ఎవరైనా అపార్థం చేసుకుంటే నా పేరు చెప్పండి.