నీటిపై ఇల్లు



భేస్తాన్‌కు సముద్రము దూరము కాదు. 1608లో ఆంగ్లేయుల నౌక హెక్టరు వచ్చి చేరినది సూరతు రేవునకే. ఆ రాక వర్తకము కొఱకు. తెరచాప పడవనే ఇల్లుగా చేసికొని భూగోళమును చుట్టి వచ్చిన ఆరుగురు స్త్రీల కథ వేఱు.

భారత నౌకాదళమువారి ‘తారిణి’ గోవాలో నిర్మింపబడిన 55 అడుగుల పడవ. 2017 సెప్టెంబరు 10న వర్తికా జోషి నాయకత్వమున అది గోవానుండి బయలుదేరినది. ఆ ఆరుగురిలో ఇరువురు తెలుగు ఆడపడుచులు: విశాఖపట్టణమునకు చెందిన పాతర్లపల్లి స్వాతి, హైదరాబాదునకు చెందిన బొడ్డపాటి ఐశ్వర్య.

వంట, నిద్ర, కాపలా, మరమ్మతు సర్వమును ఆ ఇఱుకు చోటనే. పడవ ఒరిగినచో పడకయు ఒరుగును. ఒకరు కునుకు తీయవలెనన్న వేఱొకరు మేలుకొని యుండవలెను. అలిగి పోవుటకు వేఱు గది లేదు.

న్యూజిలాండులోని లిటిల్టన్ రేవు పూర్వపు అగ్నిపర్వత గర్భమున సముద్రము చొచ్చుటచే ఏర్పడినది. చుట్టును కొండలు, నడుమ నెమ్మదియైన నీరు. 2017 డిసెంబరు 12న ఆ నెమ్మదిని విడిచి, దక్షిణ పసిఫిక్కున 7 మీటర్ల అలలను దాటి, 2018 జనవరిలో కేప్ హార్న్ చుట్టి, ఫాక్లాండు ద్వీపములలోని స్టాన్లీ రేవు చేరిరి. నడుమ ఒక్క మజిలీయైనను లేదు. ద్వీపపు రేవులోని ప్రశాంతత విలువ అట్టివారికే తెలియును. అయినను అచటనే నిలిచిపోక, సరకులు నింపుకొని, చాపలు సరిచేసికొని మరల కట్లు విప్పిరి.

254 దినములలో సుమారు 21,600 నాటికల్ మైళ్ళు సాగి, 2018 మే 21న గోవా చేరిరి.

బదిలీలపై ఊరూరు తిరుగు ఉద్యోగుల కుటుంబములకు ఈ కథ దగ్గఱిది. ఒకరి నిద్రకు మఱొకరు కావలి యున్న చోటు, నీటిపై తేలుచున్నను, ఇల్లే.