ముక్కలైన ఓడ దగ్గరికి డైవింగ్

మునిగిన ఓడ అంటే సినిమాల్లోలా నిండు ఓడే కనిపిస్తుందనుకుంటాం కదా? ఇంగ్లండ్‌లో కార్న్‌వాల్ తీరాన ఉన్న మొహెగన్ అలా ఉండదు. 1898 అక్టోబర్ 14న న్యూయార్క్ వెళ్తూ మనాకిల్స్ రాళ్లకు గుద్దుకుంది. నిమిషాల్లో మునిగింది, 106 మంది చనిపోయారు. ఆ తర్వాత వందేళ్లకు పైగా సముద్రం దాన్ని చెదరగొట్టింది. ఇప్పుడు పెద్ద పెద్ద బాయిలర్లు, వంగిన ఇనుప రేకులే దాని ఆనవాళ్లు.

వసంతకాలంలో అక్కడి నీళ్లు 10 డిగ్రీల దగ్గరే ఉంటాయి. అందుకే ఒళ్లు తడవని డ్రైసూట్ వేసుకుంటారు. కానీ చలికంటే ప్రవాహంతోనే ఎక్కువ ప్రమాదం. పోటుకీ ఆటుకీ మధ్య నీరు కాసేపు నిలకడగా ఉంటుంది. ఆ టైమ్‌లోనే దిగాలి, అది అయిపోయేలోపే పైకి రావాలి.

ఇంకో మాట. అడుగున ఏం కనిపించినా తీసుకోవద్దు. అంతమంది ప్రాణాలు పోయిన చోటు అది. చూసి రండి, చాలు.