విమానములు – నా కెమేరా
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఇట్టి సభలో భారతమును గూర్చియో, వేమనను గూర్చియో మాటలాడదగిన వారు మన యూరనే కలరు. కార్యదర్శిగారు వారిని విడిచి నన్ను పట్టుకొని, "మాస్టారూ, మీరు ఆ విమానాల ఫొటోల సంగతే చెప్పండి, పిల్లలు అడుగుతున్నారు" అనిరి. ముప్పదియేండ్లు బడిలో లెక్కలు చెప్పి విశ్రాంతి గైకొన్నవాడను. నాకీ వ్యసనమున్నదని ఊరందరు నెఱుగుదురు. ఒకనాడు చేనిగట్టుపై నిలిచి మోర యెత్తి చూచుచుండగా మా వీధి పెద్దమ్మ యొకతె, "ఏం నాయనా, వానమబ్బు కనపడుతోందా?" అని యడిగెను. విమానమని చెప్పితిని. "అది నీకేమిస్తుంది?" అనెను. ఆ ప్రశ్నకు నేటికిని నా యొద్ద సరియైన సమాధానము లేదు. మాటలాడుచు పోయిన దొరకునేమో చూతము.

విమానము పుట్టిన దినముననే దాని ఛాయాచిత్రము కూడ పుట్టినది. 1903 డిసెంబరు 17వ తేదీ ఉదయమున అమెరికాలో కిల్ డెవిల్ హిల్స్ అను ఇసుకదిబ్బల కడ రైటు సోదరులు తమ యంత్రమును సిద్ధము చేసిరి. అన్నదమ్ములలో చిన్నవాడగు ఆర్విల్ తన కెమేరాను ముక్కాలిపై నిలిపి, విమానము నేలను విడుచునని తాను తలచిన చోటికి గుఱిపెట్టి, దాని రబ్బరు బుడ్డిని జాన్ డేనియల్స్ అనునతని చేతికిచ్చెను. ఈ డేనియల్స్ సముద్రతీర రక్షక దళమున పనిచేయు మనుష్యుడు. అంతకుముందు ఫొటో తీసి యెఱుగడు. విమానము 12 సెకండ్లు గాలిలో నిలిచి, 120 అడుగులు పోయి దిగినది. ఆ సంభ్రమములో బుడ్డిని నొక్కితినో లేదో యని డేనియల్సుకే సందేహము. పిదప ఇంటికి పోయి గాజుపలకను కడిగి చూడగా రెండడుగుల యెత్తున లేచిన విమానమును, ప్రక్కన నిలిచిపోయిన విల్బరును స్పష్టముగ కనబడిరి. లోకమున మిక్కిలి ప్రసిద్ధి గాంచిన ఛాయాచిత్రములలో నొకటి యిట్లు కెమేరా చేపట్టని వాని చేతిమీదుగ వచ్చినది. కావున పిల్లలారా, "మాకు రాదు" అని యెవరును వెనుదీయ పనిలేదు.

అయితే ఆనాటి విమానము మనిషి పరుగెత్తినంత వేగముననే పోయినది. నేటి జెట్టు విమానము ప్రదర్శనములో గంటకు 700 కిలోమీటర్ల వేగముతో ముందునుండి దూసికొని పోవును. లెక్క చూడుడు: సెకనుకు 194 మీటర్లు. కెమేరా తలుపు సెకనులో వెయ్యవ వంతు తెఱచి యున్నను, ఆ లోపల విమానము జానెడు దూరము జరుగును. చేయి కదపక నిలిచినచో చిత్రము చెరగిన గీతవలె వచ్చును. జొన్నచేను కాచువాడు వడిసెల త్రిప్పునపుడు చిలుకలగుంపు ఉన్నచోటికి కాక పోవుచోటికి గదా గుఱి చూచును! ఇదియు నట్టిదే. కాళ్లు నిలదొక్కుకొని, నడుము పైభాగమును మాత్రము విమానముతోపాటు త్రిప్పుచు, ఆ తిరుగుటలోనే మీట నొక్కవలెను, నొక్కిన పిదప కూడ త్రిప్పుచునే యుండవలెను. నేను దీనిని మొదట మా వీధిలో పోవు సైకిళ్లమీద, తరువాత చెఱువుగట్టున కొంగలమీద అభ్యసించితిని. సైకిలు తొక్కు కుఱ్ఱవాండ్రు నన్ను చూచి నవ్వెడివారు. కొంగలు నవ్వలేదు.

మఱియొక చిక్కు కలదు. జెట్టు విమానమునకు ఎంత త్వరగ తలుపు మూసిన అంత మేలు. ప్రొపెల్లరు గల విమానమునకు ఆ న్యాయము చెల్లదు. చిన్న విమానపు ప్రొపెల్లరు నిమిషమునకు 2,400 సార్లు తిరుగుననుకొందము. వెయ్యవ వంతు సెకనులో అది 14 డిగ్రీలు మాత్రమే తిరుగును గనుక, చిత్రములో రెక్కలు నిలిచిపోయినట్లు కనబడి, ఇంజను ఆగి విమానము పడిపోవుచున్నదేమో యను భ్రాంతి కలుగును. 125వ వంతునకు తగ్గించినచో ఇంచుమించు మూడవవంతు చుట్టు తిరిగి, పలుచని చక్రమువలె అందముగ వచ్చును. హెలికాప్టరు పైరెక్కలు ఇంకను మెల్లగ తిరుగును గనుక ఇంకను తగ్గించవలెను. తగ్గించినకొలది చేతి వణకు చిత్రములోనికి ఎక్కును. నూఱు తీసిన నాలుగు నిలుచును. నా వయస్సునకు ఇప్పుడు మూడే.

ఆకాశపు వెలుగు సంగతి కూడ చెప్పి ముందుకు పోయెదను. గుమ్మములో నిలిచిన మనిషిని ఇంటిలోపలినుండి చూచినచో ముఖము నల్లగ కనబడును గదా. తెల్లని ఆకాశమున విమానము కూడ నట్లే నల్లబడును. కెమేరా తనకు తోచినంత వెలుగు తీసికొనును, దానికి మఱికొంత మనము చేర్చవలెను. ఇది యెఱుగక మొదటియేట నేను తెచ్చిన చిత్రములన్నియు కాకులగుంపువలె నుండెను.

మన దేశమున ఈ వ్యాసంగమునకు పెద్ద తిరునాళ్ల వంటిది బెంగుళూరు కడ యెలహంక వాయుసేనా స్థావరమున రెండేండ్లకొకసారి జరుగు ఏరో ఇండియా. అది 1996లో ఆరంభమైనది. 2025 ఫిబ్రవరిలో జరిగినప్పుడు అమెరికా వారి ఎఫ్-35, రష్యా వారి సుఖోయ్-57 రెండును అక్కడికి వచ్చినవి. ఉదయము పదిగంటల లోపల గాలి నిర్మలముగ నుండును. మధ్యాహ్నమునకు కాంక్రీటు కాగి, దానిపై గాలి బెల్లపుపాకమువలె కదలుచుండగా, దూరమున నున్న విమానము చిత్రములో కరగిపోవును. వేలకు వేలు పోసి కొన్న లెన్సు కూడ ఆ సెగకు నిలువదు. కావున తెల్లవాఱక మునుపే పోయి వరుసలో నిలువవలెను.

ప్రేక్షకులను అంత దూరమున నేల నిలుపుదురని కొందఱు విసుగుకొందురు. దానికి కారణము కలదు. 1952 సెప్టెంబరు 6వ తేదీన ఇంగ్లండులోని ఫార్న్‌బరో ప్రదర్శనములో ఒక జెట్టు విమానము గాలిలోనే ముక్కలై జనముమీద పడినది. చాలకుడు జాన్ డెరీ, అతని సహచరుడు, 29 మంది ప్రేక్షకులు మరణించిరి. అది మొదలు విమానములు జనముమీదికి రాకుండ, జనము గీతను దాటకుండ నియమములు బిగించిరి. మన చేతిలోని పొడవైన లెన్సు ఆ దూరపు ఫలితమే.

ప్రదర్శనశాలలలోని పని వేఱు. అక్కడ విమానము ఎక్కడికిని పోదు. తొందర యెంతమాత్రము లేదు. ఢిల్లీలో పాలం కడ వాయుసేన ప్రదర్శనశాలలో వాపిటి యను పాత రెండంతస్తుల రెక్కల విమానమున్నది. 1933 ఏప్రిల్ 1వ తేదీన మన వాయుసేనలో మొదటి దళము ఏర్పడినపుడు దానికి దక్కిన నాలుగు విమానములును ఆ తెగవే. బెంగుళూరులో హెచ్.ఏ.ఎల్. వారి ప్రదర్శనశాలలో మారుత్ కలదు. జర్మను నిపుణుడు కుర్ట్ టాంక్ ఆధ్వర్యవమున మనవారు రూపొందింపగా 1961 జూన్ 17వ తేదీన అది తొలిసారి ఎగిరినది. అట్టివాని యెదుట నిలిచినప్పుడు నేను మొత్తము విమానమును తీయుటకు తొందరపడను. రేకుల అతుకులు, చీలలవరుస, రంగు పెచ్చులూడి క్రింది పాత రంగు బయటపడిన చోటు, చాలకుడు ఎక్కుటకు పాదము మోపిన మెట్టు అరిగిన తీరు, ఇవి నాకు ప్రీతి. వేలమంది చేతులు తగిలిన వస్తువునకు ఇంటి రోలునకున్నట్టి యొక నునుపు వచ్చును.

మనకు దగ్గఱ విశాఖపట్టణమున రామకృష్ణా బీచి కడ టుపొలేవ్-142 ఉన్నది. నౌకాదళమున 1988 మొదలు 2017 వఱకు సముద్రములపై కావలి తిరిగి, కొలువు చాలించి, 2017 డిసెంబరు మొదలు తీరమున ప్రదర్శనశాలయై నిలిచినది. పొడవు సుమారు 53 మీటర్లు. రెక్కల కొననుండి కొనకు 50 మీటర్లు. నాలుగు ఇంజనులు, ఒక్కొక్క ఇంజనుకు ఎదురెదురుగ తిరుగు రెండేసి ప్రొపెల్లర్లు, మొత్తము ముప్పదిరెండు రెక్కలు. దానిని ఒక చిత్రములో పట్టించుట గోపురమును గుడివాకిట నిలిచి తీయుట వంటిది. ఉదయమున సూర్యుడు సముద్రమువైపునుండి వచ్చును గనుక, సముద్రమునకు వీపు పెట్టి నిలిచినచో వెలుగు చక్కగ పడును. మన బడి పిల్లలను అక్కడికి తీసికొనిపోయినపుడు, నేను లెన్సులు మార్చుకొనుచుండగా, ఎనిమిదవ తరగతి పిల్ల యొకతె నేలమీద వెల్లకిల పరుండి, వాళ్ల నాన్న ఫోనుతో ప్రొపెల్లరును క్రిందినుండి తీసెను. నా చిత్రములన్నిటికంటె అది బాగున్నది. మన గ్రంథాలయపు గోడకు తగిలించినది అదే. నాదని చాలమంది అనుకొనుచున్నారు గనుక ఈ సభాముఖమున సత్యము చెప్పితిని.

ఈ వ్యాసంగమున అపాయములు లేకపోలేదు. 1937 నాటి విమాన నియమములలో 13వది, ప్రభుత్వ విమానాశ్రయములలో అనుమతిలేక ఫొటోలు తీయరాదనినది. నేనొకసారి ఒక విమానాశ్రయపు కంచె వెలుపల మట్టిదిబ్బ నెక్కి తీయుచుండగా కాపలావారు వచ్చి లోపలికి గొనిపోయి నాలుగు గంటలు కూర్చుండబెట్టిరి. అక్కడ హెచ్చరిక బోర్డు లేని మాట నిజమే. అడుగక యెక్కిన మాటయు నిజమే. "లెక్కల మాస్టారినయ్యా" అనిన నవ్వి, టీ యిచ్చి, చిత్రములన్నియు చెఱిపి పంపిరి. నాకింతతో పోయినది. 2001 నవంబరులో గ్రీసుదేశమున కలమాటా కడ వైమానిక స్థావరమున ప్రదర్శనము చూడబోయిన పండ్రెండుగురు బ్రిటిషువారిని, ఇద్దఱు డచ్చివారిని గూఢచారులని పట్టుకొని వారములతరబడి చెఱలో నుంచిరి. 2002 ఏప్రిలులో శిక్షలు పడినవి. అదే సంవత్సరము నవంబరులో పై న్యాయస్థానము వారిని నిర్దోషులనినది. కావున యువకులారా, కంచె యెక్కవద్దు. టికెట్టు కొని పోదగిన చోట్లు చాలగ నున్నవి.

ఇక నేను చెప్పవలెనని వచ్చిన మాట, చెప్పుటకు వెనుకాడుచున్న మాట యొకటి కలదు. 2010 మార్చి 3వ తేదీన హైదరాబాదు బేగంపేటలో విమాన ప్రదర్శనము ఆరంభమైనది. నేనును పోతిని. నౌకాదళము వారి సాగర్ పవన్ బృందము, కిరణ్ విమానములు నాలుగు, ఒకదానికొకటి ఆనుకొన్నట్లు పైకి లేచినవి. నేను వానితోపాటు తిరుగుచు మీట నొక్కుచుంటిని. ఒకటి క్రిందికి పోయినది, తిరిగి పైకి రాలేదు. బోయినపల్లివైపు ఇండ్లమీద పొగ లేచినది. కొంతసేపు ఎవరికిని నోట మాట రాలేదు. ఇద్దఱు నౌకాదళాధికారులు ఆనాడు మరణించిరి.

నా చేయి ఆ క్షణమున కూడ మీట నొక్కుచునే యుండెను. ఇన్నేండ్ల అభ్యాసము చేసిన పని అది, నేను చేసినది కాదని చెప్పుకొంటిని గాని, మనసు ఒప్పలేదు. ప్రక్కనున్న వాడొకడు, "ఆ చివరివి పత్రికలవాళ్లకు ఇస్తే మంచి ధర వస్తుంది సార్" అనెను. ఇంటికి వచ్చి పొగ కనబడు చిత్రములన్నియు చెఱిపివేసితిని. మా అబ్బాయి కోపగించెను. అది ప్రమాదపు సాక్ష్యము, విచారణ జరుపువారికి చూపవలసినది, నీ బాధకొఱకు చెఱుపుట తగునా యని యడిగెను. వాడు చెప్పినది సరియేనని ఇప్పుడు తోచుచున్నది. అప్పుడు తోచలేదు. మూడేండ్లు కెమేరాను బీరువాలోనే యుంచితిని. మఱల తీయించినది మా యావిడ. "వాళ్లు ఎగరటం మానలేదుగా" అనినది, అంతే.

2019 ఫిబ్రవరి 19వ తేదీన యెలహంకలో అభ్యాసదినమున సూర్యకిరణ్ విమానములు రెండు ఢీకొని ఒక చాలకుడు మరణించిన వార్త విన్నపుడు, ఆమె మాటనే తలచుకొంటిని.

గత 2025 సెప్టెంబరు 26వ తేదీన మిగ్-21 విమానములు అఱువదిరెండేండ్ల కొలువు చాలించినవి. పాలంలో నేను తీసిన మిగ్ చిత్రమును, మిగిలిన వానిని కలిపి 212 చిత్రముల ఆల్బము నొకటి సిద్ధము చేసి మన గ్రంథాలయమునకు ఇచ్చితిని. గ్రంథపాలకుడు దానిని పద్దుపుస్తకములో వ్రాసికొని, కిటికీ ప్రక్క బీరువాలో క్రింది అరయందు ఉంచినాడు. ఇంటికి తీసికొనిపోవుటకు వీలులేదు, అక్కడనే కూర్చుండి చూడవచ్చును. ప్రతి చిత్రము వెనుక తేదీయు, చోటును కలవు. ఎనుబది మూడవ పుటలో బేగంపేట చిత్రమున్నది. అందు నాలుగు విమానములును కలిసియే యున్నవి.