బందరు పురపాలన – మన వంతు

(శతవార్షికోత్సవ సమావేశములో సంఘ సభ్యుల నుద్దేశించి చేసిన ప్రసంగ పాఠము)



మన సంఘముల చరిత్రను గూర్చి చెప్పుటకు నాకంటె బాగుగా తెలిసినవారు ఈ వేదిక మీద ఉన్నారు. నన్ను మన ఊరి సంగతులు మాట్లాడమన్నారు. ఊరి సంగతులనగానే రాజకీయములని, రాజకీయములు మనవంటివారికి తగవని కొందరు వెనుకకు జరుగుదురు. అయితే కుళాయిలో నీరు రాకపోయినా, వీధి కాలువ పొంగి గుమ్మములోనికి వచ్చినా అది రాజకీయమే. ఆ నీటికి మన ఇల్లు వేరు, పొరుగువాని యిల్లు వేరు అనే భేదము తెలియదు. కనుక నేడు బందరు పట్టణ పాలనలో మన వంతు ఏమిటో కొంచెము ఆలోచింతము.

మన పేటల పేర్లు చూడండి. వలందపాలెము, పరాసుపేట, ఇంగ్లీషుపాలెము, రాబర్ట్‌సన్‌పేట. ఈ పేర్లన్నీ ఓడలతో పాటు వచ్చినవే. గోలకొండ నవాబుల కాలమున ఇది తూర్పు తీరమందు పేరుమోసిన రేవు. 1605లో డచ్చివారు, 1611లో ఇంగ్లీషువారు ఇచ్చట వర్తకము మొదలుపెట్టినారు. తరువాత ఫ్రెంచివారు వచ్చినారు. 1759లో కోట వారి చేతినుండి ఇంగ్లీషువారి చేతిలోనికి పోయినది. ఆ యుద్ధములలో దేనికిని బందరు ప్రజల సమ్మతి ఎవరును అడుగలేదు. రేవు పెరుగుట గాని, తరుగుట గాని ఊరివారి చేతిలో ఎన్నడును లేదు.

తరుగుటకు కారణములు అనేకము. మన తీరము పల్లము, ఒండ్రు నేల. పెద్ద ఓడలు ఒడ్డుకు రాలేక కొన్ని మైళ్ల దూరమున లంగరు వేసికొని పడవల మీద సరుకు దింపవలసి వచ్చెడిది. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి వచ్చిన ఉప్పెనలో సుమారు 30,000 మంది చనిపోయినారు. సముద్రపు నీరు ఎన్నో మైళ్లు లోపలికి వచ్చినది. 1908లో బెజవాడ నుండి రైలు మార్గము వచ్చినప్పటికి రేవు పూర్వ వైభవము తిరిగి రాలేదు. 1933లో విశాఖపట్నము రేవు తెరచిన పిమ్మట పెద్ద ఓడలకు వేరే దారి దొరికినది.

ఇక ఊరి మాట. ఉప్పెన వచ్చిన రెండేండ్లకు, అనగా 1866లో, బందరు పురపాలక సంఘము ఏర్పడినది. దానికి ఆధారము 1865 నాటి మద్రాసు పట్టణాభివృద్ధి చట్టము. ఆ తొలి రోజులలో సభ్యులను ప్రభుత్వమువారు నియమించెడివారు. తరువాత పన్ను కట్టిన కొందరికి ఓటు వచ్చినది. మన తాతముత్తాతలలో అనేకులకు, స్త్రీలందరికి, కూలి చేసికొనువారికి ఆ ఓటు లేదు. ఇప్పుడు పదునెనిమిదేండ్లు నిండిన ప్రతివారికి ఉన్నది. అంతకాలము తలుపు బయట నిలువబడినవారి పిల్లలము, తలుపు తీసిన తరువాత లోనికి పోకుండుట తగునా?

రేవు క్షీణించిన కాలమున బందరు చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. రాబర్ట్ నోబుల్ దొరగారు 1843లో ప్రారంభించిన బడి అప్పటికే కళాశాలయై ఉన్నది. 1902లో కృష్ణాపత్రిక పుట్టినది. ముట్నూరి కృష్ణారావుగారి సంపాదకత్వమున అది తెలుగుదేశమంతట చదువబడినది. 1910లో కోపల్లె హనుమంతరావుగారును, వారి మిత్రులును జాతీయ కళాశాలను నెలకొల్పినారు. 1923 నవంబరులో భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు ఆంధ్రా బ్యాంకును ఈ ఊరనే తెరచినారు. అప్పటి చెల్లించిన మూలధనము లక్ష రూపాయలు. 1926లో శాస్త్ర పరికరములు చేయు ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీ బయలుదేరినది. అదే 1983లో భారత్ ఎలక్ట్రానిక్స్ వారి చేతిలోనికి పోయినది.

ఇవన్నియు ఓడ రాని రోజులలోనే జరిగినవని గమనింపుడు. పైనుండి ఎవరో ఇచ్చువరకు ఆ పెద్దలు కాచుకొని ఉండలేదు. చందాలు పోగుచేసినారు, వాటాలు అమ్మినారు, సభలు కూర్చినారు, లెక్కలు చూపినారు. వారిలో వారికి భేదాభిప్రాయములు లేకపోలేదు. అయినను ఊరి పని వచ్చినప్పుడు ఒక్క బల్ల చుట్టు కూర్చుండిరి. ఆ బ్యాంకు 1980లో జాతీయమైనది, 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయినది. పేరు పోయినందుకు ఊరు చాల బాధపడినది. పేరు కొరకు బాధపడుట న్యాయమే. అయితే అటువంటిదానిని మరల పుట్టించు అలవాటు మనలో ఎంత మిగిలినదో కూడ అడుగుకొనవలెను.

ఈ కాలపు రేవు కథ మీ అందరికి తెలిసినదే. 2008 ఏప్రిల్‌లో ఒక ముఖ్యమంత్రిగారు శంకుస్థాపన చేసినారు. 2019 ఫిబ్రవరిలో మరియొక ముఖ్యమంత్రిగారు పనులు ప్రారంభించినారు. అదే సంవత్సరము ఆ ఒప్పందము రద్దయినది. 2023 మే 22న ఇంకొక ముఖ్యమంత్రిగారు తిరిగి శంకుస్థాపన చేసినారు. పదిహేనేండ్లలో మూడు ఉత్సవములు, మూడు పక్షములు. ఏ పక్షమువారిని నిందించుటకు నేనిది చెప్పుట లేదు. ఈ వేదిక అందుకు తగినది కాదు. మూడవసారి తరువాత పనులు సాగినందుకు సంతోషమే. రేవు వచ్చి, మన పిల్లలకు పని దొరికితే సంతోషింపనివారెవరు?

అయితే ఈ ఎదురుచూపు వలన రెండు నష్టములు కలిగినవి. మొదటిది భూమి. 2015లో రేవు కొరకు, దాని వెంట పరిశ్రమల కొరకు వేల ఎకరములు తీసికొందుమని ప్రకటన వచ్చినది. చుట్టుప్రక్కల రైతులు అభ్యంతరము చెప్పినారు. ఏండ్ల తరబడి ఆ పొలములను అమ్ముకొనవచ్చునో లేదో, అప్పు పుట్టునో లేదో, పిల్ల పెండ్లి చేయవచ్చునో లేదో తెలియక కుటుంబములు నలిగినవి. చివరకు 2023లో మొదలైన రేవు ఆనాడు చెప్పిన భూమిలో కొద్ది భాగముతోనే, అధికముగా ప్రభుత్వ భూమిలోనే మొదలైనది. మరి ముందే రైతులను కూర్చుండబెట్టి, ఎంత కావలెను, ఎందుకు కావలెనని లెక్క చెప్పియున్న యెడల అంత దుఃఖము ఉండెడిదా? ఇంకొక ప్రక్క రేవు పేరు చెప్పి స్థలముల ధరలు పెంచినవారు ఉన్నారు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమన్నట్లు కొన్నవారు కొన్నారు, మునిగినవారు మునిగినారు.

రెండవ నష్టము ఇంకను పెద్దది, కాని కంటికి కనబడదు. ప్రతి ఎన్నికలోను రేవు, రేవు అని ఒకటే మాట. ఆ మాట క్రింద వార్డు మాటలు అణగిపోయినవి. రాజ్యాంగములోని 74వ సవరణ 1993 జూన్ 1 నుండి అమలులోనికి వచ్చినది. దాని ప్రకారము పురపాలక మండలి గడువు అయిదేండ్లు. ఆ గడువు తీరకముందే తిరిగి ఎన్నికలు జరుగవలెను. జరిగినదేమి? 2005లో ఎన్నికైన మండళ్ల గడువు 2010 సెప్టెంబరులో తీరినది. తిరిగి ఓటు వేసినది 2014 మార్చిలో. మరల 2019 జూలైలో గడువు తీరినది. తిరిగి ఓటు వేసినది 2021 మార్చిలో. మధ్య కాలమంతయు ప్రత్యేకాధికారుల పాలన. 2020లో వచ్చిన అంటువ్యాధి ఒక కారణమే కాని, ఆ అయిదేండ్లకు పైబడిన కాలమునకంతటికి అది కారణము కాదు. 2015 డిసెంబరులో మనది నగరపాలక సంస్థ అని ప్రకటించినారు. ఆ హోదాతో మొదటి ఎన్నిక జరిగినది 2021లోనే.

రేవు ఆలస్యమైనప్పుడు బందరులో ధర్నాలు జరిగినవి, నిరాహారదీక్షలు జరిగినవి. మన పట్టణమునకు ఎన్నికైన మండలి లేదని ఎందరు వీధిలోనికి వచ్చినారు? మన సంఘములలో ఎన్ని తీర్మానములు చేసికొన్నాము? ప్రత్యేకాధికారి మంచివాడే కావచ్చును. అయితే ఆయన మన వీధిలో కాపురముండడు, మన ఓటు అడుగడు, రేపు బదిలీ అయి పోవును. వార్డు సభ్యుడు ఎంత చెడ్డవాడైనను సాయంత్రము మన గుమ్మము ముందునుండి ఇంటికి పోవలసినవాడే. ఆయనను నిలిపి అడుగవచ్చును.

అడుగుటకు పనులు లేవా? రాజ్యాంగము పట్టణ పాలనకు అప్పగింపదగినవని 18 విషయములు వ్రాసి పెట్టినది. నీరు, పారిశుద్ధ్యము, రోడ్లు, వీధి దీపములు, మురికివాడల బాగు, స్మశానములు, జనన మరణముల నమోదు, ఇవన్నియు అందులోనివే. మనది పల్లపు ఊరు. వాన నీరు తనంతట తాను పోదు, కాలువలు పూడికతీసి పంపవలెను. మన త్రాగునీరు కృష్ణ కాలువల మీద ఆధారపడినది. వేసవిలో కాలువ కట్టివేసినప్పుడు చెరువులలో నిలువ ఎంత ఉన్నదని ముందే అడుగవలెను, బిందెలు పట్టుకొని రోడ్డెక్కిన తరువాత కాదు.

గిలకలదిండి పడవలవారి సంగతి చూడండి. మొగ పూడిపోవుట వలన పోటు వచ్చువరకు పడవ కాచుకొని ఉండవలెను. చేప ఆగదు, మంచు కరగక ఆగదు, డీజిలు అప్పు ఆగదు. పెద్ద రేవు వచ్చినప్పుడు ఈ చిన్న పడవలకు దారి ఎక్కడ, వల వేయుటకు తావు ఎక్కడ అని వారు అడుగుచున్నారు. ఆ ప్రశ్న వారిది మాత్రమే అని మనము ఊరకుండరాదు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు ఎవరి కులము ఎవరు అడిగినారు? శవములను మోసిన చేతులు, గంజి పోసిన చేతులు అన్ని వర్గములవి. ఆపదలో కలిసినవారము మామూలు రోజులలో ఎందుకు విడిపోవలెను?

తెల్లవారకముందే మన వీధులు ఊడ్చువారిని కూడ తలంచుకొందము. వారిలో అనేకులు మన సంఘములవారే, మన ప్రక్కన బల్లల మీద కూర్చుండువారే. వారికి జీతము నెల నెల వచ్చుచున్నదా? చేతులకు తొడుగులు ఉన్నవా? మురుగు గుంటలోనికి మనిషిని దింపరాదని 2013లో చట్టము వచ్చినది. అది మన పేటలో అమలగుచున్నదా? ఈ మూడు ప్రశ్నలు అడుగుటకు ఏ పార్టీ సభ్యత్వమును అక్కరలేదు.

ఇక మనము చేయదగిన పనులు నాలుగు చెప్పి ముగింతును.

మొదటిది, ప్రతి కుటుంబము ఓటర్ల జాబితాలో తమ పేర్లు చూచుకొనవలెను. పెండ్లి చేసికొని వచ్చిన కోడలి పేరు, పదునెనిమిది నిండిన పిల్లవాని పేరు తప్పక చేర్పింపవలెను. చనిపోయినవారి పేరు తీసివేయించుట కూడ మన పనియే.

రెండవది, ప్రతి సంవత్సరము నగరపాలక సంస్థ బడ్జెటు తయారగును. మనలో ఉపాధ్యాయులు, బ్యాంకు ఉద్యోగులు, పదవీ విరమణ చేసినవారు ఎందరో ఉన్నారు. ఇద్దరు ముగ్గురు కూర్చుండి మన వార్డుకు ఎంత వ్రాసినారు, ఎంత ఖర్చు పెట్టినారని చదివి మిగిలినవారికి సులువైన మాటలలో చెప్పవలెను. లెక్క ఇవ్వకపోయిన యెడల 2005 నాటి సమాచార హక్కు చట్టము ఉన్నది. ఒక అర్జీ, కొద్దిపాటి రుసుము చాలును.

మూడవది, అర్జీ వ్రాయునప్పుడు మన వీధి కొరకు మాత్రమే వ్రాయవద్దు. ప్రక్క వీధివారిని, వారు ఏ మతమువారైనను, కలుపుకొని వ్రాయుడు. 2011 జనాభా లెక్కల ప్రకారము ఈ ఊరి జనము సుమారు 1,70,000. మూడు లక్షలు దాటిన ఊళ్లకే వార్డు కమిటీలు తప్పనిసరియని రాజ్యాంగము చెప్పుచున్నది. కనుక మన ఊరిలో అట్టి కూడికలు నిలుపుకొనుట మన పట్టుదల మీద ఆధారపడియున్నది.

నాలుగవది మిక్కిలి కష్టమైనది. ఎన్నికల ముందు రాత్రి తలుపు తట్టినవారి కవరు పుచ్చుకొనవద్దు. ఆ కవరు తీసికొనిన చేయి అయిదేండ్లు వ్రేలెత్తి ప్రశ్న అడుగజాలదు. సంఘము పేరు చెప్పి, ఇన్ని ఓట్లు మా సంచిలో ఉన్నవని బేరమాడువారు ఏ వర్గములోనైనను పుట్టుదురు. మన ఓట్లు ఎవరి సంచిలోను లేవని మర్యాదగా, గట్టిగా చెప్పవలెను.

సహోదరులారా, రేవు ఎప్పుడు నిండునో, ఎన్ని ఓడలు వచ్చునో ఢిల్లీలోను, అమరావతిలోను, వర్తకుల ఆఫీసులలోను తేలును. మన మాట అక్కడ కొంతవరకే చెల్లును. కోనేరు సెంటరుకు ఎడమ కుడి వీధులలో కాలువ పారునా, దీపము వెలుగునా, ఊడ్చువానికి జీతము అందునా అనునది మాత్రము మన పట్టుదలను బట్టియే తేలును. ఇంట గెలిచి రచ్చ గెలువమన్నారు పెద్దలు. తన కాలువలు తాను బాగు చేసికొనిన ఊరికి, తన లెక్కలు తాను చదువుకొనిన ఊరికి రేవు వచ్చినను మేలే, ఆలస్యమైనను చెడిపోదు. ఆ రెండును చేతగాని ఊరికి ఎంత పెద్ద రేవు వచ్చినను దాని లాభము పై ఊళ్లకు పోవును, దుమ్ము మాత్రము మనకు మిగులును.

 వచ్చే నెల మన మందిర ఆవరణములోనే ఓటర్ల జాబితా ముందుంచుకొని కూర్చుందమని నా మనవి. బల్లలు, కుర్చీలు ఉన్నవి. రావలసినది మనమే.